టిక్కెట్టు దిగిపోయిన పేజీ

లైబ్రరీలో నవల ఎంచుకునేటప్పుడు అట్ట మీది బొమ్మ చూసేవాళ్లున్నారు, రచయిత పేరు చూసేవాళ్లున్నారు. ముందుమాట చదివి నిర్ణయించుకునేవాళ్లు కూడా ఉన్నారని విన్నాను గానీ, మా వేంసూరు చుట్టుపక్కల నాకింతవరకు తగల్లేదు. నేను మాత్రం లోపల బస్సు టిక్కెట్టు ఎక్కడుందో చూస్తాను.

మా వైపు పాఠకుడు ఎక్కడిదాకా చదివాడో గుర్తుండటానికి చేతిలో ఉన్న ఆర్టీసీ టిక్కెట్టే పెట్టేస్తాడు. సత్తుపల్లిలో బస్సెక్కి మొదలుపెట్టిన పుస్తకంలో టిక్కెట్టు ఇరవయ్యో పేజీలోనే ఆగిపోయిందంటే, ఆ మనిషి వేంసూరులో బస్సు దిగాడు, దాంతోపాటు కథ కూడా దిగిపోయాడు. అదే టిక్కెట్టు ఆఖరి అధ్యాయంలో ఉందంటే ఆ ఇంట్లో ఆ రాత్రి లైటు ఆర్పలేదన్నమాట. అలాంటి పుస్తకం కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు.

ఈ పద్ధతి విశ్వనాథ వారి దగ్గర మాత్రం పనిచెయ్యదు. ‘వేయిపడగలు’ తీసి చూస్తే టిక్కెట్లన్నీ మొదటి వంద పేజీల్లోనే ఉన్నాయి. ఒకాయన మర్లపాడు దగ్గర దిగినట్టున్నాడు, ఇంకొకాయన ఇంకాస్త ముందుకెళ్లి దిగాడు. ఆ తర్వాత పేజీలు పెట్టెలో దాచిన పట్టుచీరలా మడత నలగకుండా ఉన్నాయి. ఈ నవలనే పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. రాజకీయాల్లో మునిగి తేలుతూ అంత పుస్తకం చదవడమే కాక, ఇంకో భాషలో మళ్లీ మొత్తం రాశాడాయన. ఆ మాట మాస్టారితో అంటే, “ఆయనకి పదిహేడు భాషలొచ్చంటారు, మాట్లాడటం మాత్రం తక్కువ. అందుకే తీరిక దొరికింది” అన్నారు. మాస్టారు రిటైరైన తెలుగు పండితులు, ఆయనకి తీరిక దొరకదు.

ఇక పుస్తకం అలమారలో దొరకడం వేరే కథ. ఏ ఊరి లైబ్రరీ అని అడక్కండి, ఏ ఊళ్లో అయినా ఇంతే. అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో దశాంశ పద్ధతి అచ్చు వేశాడు. అందులో తెలుగు సాహిత్యం ఇంటి నంబరు 894.827. అదే వీధిలో 894.811లో తమిళం, 894.814లో కన్నడం కాపురముంటాయి. పుస్తకాల వీపు మీద ఆ నంబర్లు నీలం సిరాతో శ్రద్ధగానే వేసి ఉంటాయి. చదివి పెట్టేవాళ్లు మాత్రం ఎత్తు చూసి పెడతారు. పొడుగువన్నీ ఒక వరస, పొట్టివన్నీ ఒక వరస. అందుకే చలం ‘మైదానం’ పక్కన వరిలో దోమపోటు నివారణ కనిపించింది నాకు. రెండూ ఒకే ఎత్తు మరి. రెండూ కలిపి తెచ్చుకున్నాను, రెండోది మా ఇంట్లో అందరూ చదివారు.

ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడతామని మాలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు ఆ ఎనిమిది పైసలూ పేపర్ల బల్ల దగ్గర వసూలు చేసుకుంటారు. ఒక పేపరుని నలుగురు విడదీసి పంచుకుంటారు, జిల్లా పేజీ ఎవరి చేతిలో ఉంటే ఆ పూటకి అతనే పెద్దమనిషి. మేం ఆంధ్ర సరిహద్దువాళ్లం కాబట్టి ఖమ్మం వార్తలు సరిపోవు, అటు ఏలూరు వైపు పామాయిల్ గెలల ధర కూడా కావాలి. కాసేపటికి చర్చ జలగం వెంగళరావు గారి కాలానికి పోతుంది. అప్పట్లో ఇది వేంసూరు నియోజకవర్గం, 1978 నుంచి సత్తుపల్లి అయింది. ఇక్కడ గెలిచే ఆయన 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మాట వచ్చిందంటే పేపరు చేతులు మారదు.

గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కయిన రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. పాఠకుడి కాలం వృథా కానివ్వకూడదన్నది అందులో నాలుగోది. మా పేపర్ల బల్ల దగ్గర ఓ సాయంత్రం కూర్చుని ఉంటే ఆ సూత్రం ఆయనే కొట్టేసేవారు.

పుస్తకం కోసం బస్సెక్కాలా అని విసుక్కునేవాళ్లకి మాస్టారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. “పుస్తకం పడవెక్కి వచ్చిన రోజులవి. నువ్వు బస్సెక్కలేవా?” అంటారు.

మామిడితోటకి కాపలా ఉండే ఆయన ఒకడున్నాడు, డిటెక్టివ్ నవలలు తప్ప ముట్టడు. మధుబాబు షాడో అంటే ప్రాణం. అయితే లైబ్రరీకి చేరిన డిటెక్టివ్ నవలకి ఆఖరి పేజీలు ఉండవు, ఎవరో చింపుకుపోతారు. ఆయనకి అదేమీ ఇబ్బంది కాదు. మంచె మీద పడుకుని హంతకుణ్ణి తనే తేల్చుకుంటాడు. ఒకసారి అదృష్టం కొద్దీ పూర్తి ప్రతి దొరికితే, ఆఖర్న రచయిత వేరే మనిషిని పట్టుకున్నాడని వారం రోజులు గుర్రుగా ఉన్నాడు. “నా లెక్క కరెక్టు. ఆయనే తొందరపడ్డాడు” అని ఇప్పటికీ అంటాడు.

చదివినవాటి గురించి మాట్లాడుకోవడానికి మాకు సభలు, మైకులు అక్కర్లేదు, టీకొట్టు చాలు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఈ మధ్య చేతులు మారుతోంది. 1969 నాటి నవల. పట్నం నుంచి పల్లెకి వచ్చిన పాటగాడు సారంగపాణి, దొర గడీ, కరణం, ఆడబాప (గడీలో దాసి) వనజ. కథ మీద అందరిదీ ఒకే మాట, తగువల్లా భాష దగ్గరే. అందులో మాటలు అచ్చం మా తాత మాటలే అని ఒకరు. కృష్ణా వైపు నుంచి కోడలుగా వచ్చి ఇక్కడే ముసలావిడైన అమ్మగారు, “నాకూ అర్థమైంది, దానికి ఇంత గొడవెందుకు?” అని ఇంకోవైపు. మా ఇళ్లల్లో సగం సంబంధాలు హద్దుకి అటూ ఇటూ కలుపుకున్నవే, ఏ భాష మాట్లాడినా ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ పుస్తకం దొరలని తిట్టిన దానికంటే దొరల ముందు చేతులు కట్టుకున్నవాళ్లని చూపించిన తీరే నాకు ఎక్కువ నచ్చింది. టీకొట్టులో ఆ మాటంటే ఎవరూ పట్టించుకోలేదు.

అన్నిటికంటే బాగా చదువుకున్నది మాత్రం డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. నవల ఎంత బాగుందో, లైబ్రరీ ప్రతి అంచులు అంత బాగున్నాయి. ఇందిర కృష్ణమూర్తిని చేసుకునే చోట పక్కన ఎవరో పాతకాలం సిరాతో, “ఇది ముమ్మాటికీ తప్పు” అని రాశారు. దాని కింద పెన్సిలుతో, “ప్రకాశం పిరికివాడు. ముందు అతన్ని అనండి.” కింద బాల్ పెన్నుతో, “మీ ఇంటి ఆడపిల్లయితే ఇట్లాగే అంటారా?” ఆ కింద ఎర్రసిరాతో, “లైబ్రరీ పుస్తకం మీద రాయరాదు.” దాని కింద చిన్నగా, “మరి నువ్వు?”

ఈ కథ పక్కింటి పిన్నికి చెప్పాను. పిన్ని చదవదు, చింతపండు గింజ తీస్తూ వింటుంది. విశాఖపట్నంలో మేడ మీది వాటా, వైద్యం చదివే ప్రకాశం, పేకాట తండ్రి, ఉద్యోగం చేసి ఇల్లు నడిపే ఇందిర, అన్నీ వింది. నేను పాత్ర చిత్రణ దగ్గరికి వస్తుంటే ఆపి అడిగింది.

“ఆ పిల్ల జీతం ఎవరి చేతికిచ్చేదిరా?”

“తండ్రిని తనే పోషించేది పిన్నీ.”

“ఆ తండ్రికి నోరెట్లా లేచిందిరా మరి!” అని చింతపండు బుట్ట పక్కకి నెట్టింది. “తర్వాతేమైంది? రెండో భాగం తీసుకురా.”

రెండో భాగం లేదని చెప్పాను. శ్రీదేవి గారు 1961లోనే పోయారు, చిన్న వయసు, రాసిన నవల ఇదొక్కటే అన్నాను. పిన్ని కాసేపు గింజలు వలుస్తూ ఊరుకుంది.

“పోనీ ఇంకెవరితోనైనా రాయించమని ఆ లైబ్రరీ ఆయనకి చెప్పు,” అంది. “ఊరికే అడగట్లేదుగా, పన్ను కడుతున్నాం.”