ఊపిరి తేలికైందని మాత్రలు మానేస్తారా?

మా రోజుల్లో ఉదయగిరి పక్క పల్లెల్లో కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకానుకుని కూర్చునే పెద్దాయన వీధికొకరు ఉండేవాళ్లు. గుండె నీరసించే జబ్బు అది, అప్పట్లో నీరు పట్టిందనేవాళ్లు. నెల్లూరు పెద్దాసుపత్రికి పోతే డాక్టరు చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు: ఒంటేలు జారీ అయ్యే మందు, డిజాక్సిన్. ఆ డిజాక్సిన్ పుట్టిన మొక్క గురించి విథరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు. అంటే రెండు వందల ఏళ్లు లోకమంతా దాన్నే పట్టుకుని వేలాడింది.

కానీ ఆనాటి డాక్టరు మనిషిని ముట్టుకుని చూసేవాడు. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతోందా అని చూసేవాడు. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నావని అడిగేవాడు. ఇంటావిడను పిలిచి కూరలో ఉప్పెంత వేస్తున్నావమ్మా అని కనుక్కునేవాడు. ఇప్పుడు గుండెకు ఎకో స్కాన్ తీస్తారు, గుండె పంపింగ్ 30 శాతం అంటారు, చీటీ రాస్తారు, తర్వాతి నంబరు పిలుస్తారు. ఎకో గొప్ప యంత్రమే, కాదనను. అది చెప్పినదాన్ని రోగికి విప్పి చెప్పే తీరిక ఎవరికీ లేకపోవడమే నా బాధ.

మందులు మాత్రం బంగారంలాంటివి వచ్చాయి. ఎనాలప్రిల్ ఈ జబ్బులో ఆయుష్షు పెంచుతుందని 1987లో తేలింది. మా రోజుల్లో గుండె నీరసించినవాడికి ఇవ్వనే కూడదన్న బీటా బ్లాకర్లే ప్రాణం కాపాడతాయని 1999 నాటికి రుజువైంది. స్పైరనోలాక్టోన్ సంగతీ ఆ ఏడాదే తేలింది. 2014లో సాక్యుబిట్రిల్, వాల్సార్టాన్ కలిసిన మాత్ర సత్తా చూపింది. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్ షుగరు లేని గుండె రోగికీ పనిచేస్తుందని 2019లో చూశారు. ఈ భాగ్యం మా పెదనాన్నల తరానికి దక్కలేదు.

దక్కినవాళ్లు ఏం చేస్తున్నారు? నీటి మాత్ర వేసుకుంటే పూటలోనే ఒంటేలు జారీ అవుతుంది, వాపు దిగుతుంది, ఆయాసం తగ్గుతుంది. కాబట్టి దాన్ని నమ్ముతారు. తక్కినవి వేసుకున్న రోజున ఏమీ తెలియనివ్వవు, నెలల తరబడి లోపల గుండెను నిలబెడతాయి. కాబట్టి వాటిని మానేస్తారు. నిజానికి ఆయుష్షు పొడిగించేవి ఈ కనిపించకుండా పనిచేసేవే. "ఇప్పుడు బాగానే ఉంది కదన్నా, ఇంకెందుకు?" అని ఆత్మకూరు బస్టాండులో నన్నడిగినవాళ్లున్నారు. బాగుంది ఆ మాత్రల వల్లేనయ్యా!

మోకాళ్ల నొప్పి సంగతి చెబితే నాకు కోపం ఆగదు. నొప్పి అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, లేదా కొట్లో డైక్లోఫెనాక్. ఆ నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, కిడ్నీని దెబ్బకొడతాయి. నెలంతా పెద్ద డాక్టరు దించిన వాపు వారంలో మళ్లీ ఎక్కుతుంది.

ఉప్పు మా రోజుల్లోనూ తిన్నాం. ఆవకాయ, ఎండు చేపలు, మజ్జిగ మిరపకాయలు లేని ఇల్లుందా మా సీమలో? అయితే అవి కంటికి కనిపించే ఉప్పు, వద్దనుకుంటే పళ్లెంలోంచి తీసేయొచ్చు. ఇప్పుడు బిస్కెట్టులో ఉప్పు, బ్రెడ్డులో ఉప్పు, మనవడు తెచ్చే చిప్సు పొట్లం నిండా ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాములు, ఒక చెంచాడు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే చెబుతోంది. చేపల పులుసు మానక్కర్లేదు. చింతపండు, మెంతులు, పచ్చిమామిడి ఉండగా చప్పిడి అని ఏడవనక్కర్లేదు కూడా.

2022 ఫిబ్రవరి 21న ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి యాభై ఏళ్లకే హఠాత్తుగా గుండె ఆగి పోయారు. అంత్యక్రియలు ఉదయగిరిలోనే జరిగాయి. కొన్నాళ్లు ఎవరి నోట విన్నా గుండె మాటే. ఆయనది ఉన్నట్టుండి వచ్చిపడిన చావు, తప్పించుకునే వ్యవధి ఇవ్వలేదు. మాది మెల్లగా నీరసించే గుండె, ముందే చెబుతుంది. పొద్దున్నే ఒంటేలుకు వెళ్లొచ్చి, ఏమీ తినకముందు కాటా ఎక్కితే చాలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. అప్పుడే డాక్టరుకు ఫోను చేయాలి. ఆ కాటా ఎన్ని ఇళ్లలో మంచం కింద దుమ్ము కొట్టుకుపోతోందో!

డాక్టర్లకు ఒక్క మాట: ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితమంతా ఇంగ్లీషే. ఏ మాత్ర ఎందుకో, ఏది ఎప్పటికీ మానకూడదో తెలుగులో నాలుగు ముక్కలు రాసివ్వండి. ఇంట్లో కోడలు చదువుకుని వేళకు వేయిస్తుంది.