కొత్తది అత్తాందట, ఆగు!

2025 సెప్టెంబర్ 22న మంచిర్యాల మీద మూడు వరాలు ఒకేసారి కురిశాయి. దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి, కార్ల ధరలు దిగాయి. అదే రోజు సింగరేణి లాభాల్లో 34 శాతం కార్మికులకు పంచుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చే 5,500 రూపాయలతో కలిపి మొత్తం 819 కోట్లు. పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షా 95 వేలు. దీపావళికి లక్షా మూడు వేల బోనస్ వేరు. ముహూర్తం, ధర, పైసలు మూడూ ఒకే తారీఖున వచ్చి గుమ్మంలో నిలబడ్డాయి. స్పోర్ట్స్ కారు కొందామని ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి ఇక కావలసింది ఒక్కటే, కొనకుండా ఉండడానికి ఓ సాకు. సాయంత్రంలోపే అదీ దొరికింది.

"కొత్తది అత్తాందట తమ్మీ, ఆగు."

లాభాల వాటా ప్రకటించగానే బొగ్గుబావుల మీద ఏటా రెండు పంచాయితీలు నడుస్తాయి. మొదటిది యూనియన్లది, 2025లోనైతే: 6,394 కోట్ల లాభం వస్తే 4,034 కోట్లు విస్తరణ పేరు చెప్పి పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద మాత్రమే 34 శాతం లెక్క కట్టడమేంటని. ఇది న్యాయమైన పంచాయితీ. గేట్ మీటింగులు జరుగుతాయి, కరపత్రాలు పంచుతారు, ఖాతాలో డబ్బు పడ్డాక సద్దుమణుగుతుంది. రెండోదానికి యూనియన్ లేదు, ఒప్పందం లేదు, అంతమూ లేదు. శ్రీరాంపూర్ గనుల నుంచి ఐబీ చౌరస్తా టీ కొట్ల దాకా ఏ షిఫ్ట్ దిగినా అదే మాట. మహీంద్రా థార్ ఇప్పుడే తీసుకోవాలా, కొత్త మోడల్ వచ్చినంక తీసుకోవాలా?

స్పోర్ట్స్ కారు అంటూ థార్ పేరెత్తడమేంటని హైదరాబాద్ పాఠకులు అడగవచ్చు. మంచిర్యాలలో స్పోర్ట్స్ కారంటే థారే. అసలు సిసలు స్పోర్ట్స్ కారు పొట్టకూ రోడ్డుకూ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. బొగ్గు టిప్పర్లు తిరిగే దారుల్లో, ఊరి పెద్దలు తోచిన చోటల్లా పోయించిన స్పీడ్ బ్రేకర్ల మీద అలాంటి బండి నడపాలంటే ముందో మనిషి, వెనకో మనిషి చేతులూపుతూ నడవాలి. అందుకే ఇక్కడి కుర్రకారు కల 226 మిల్లీమీటర్లు పైకి లేచింది. వేగం సంగతి తర్వాత, ఎత్తు ముఖ్యం. ఎక్కుతుంటే పది మందికి కనబడడం అంతకన్నా ముఖ్యం.

ఈ ఆగుడు కథ 2020 అక్టోబర్ 2న మొదలైంది. మహీంద్రా ఆ రోజు కొత్త తరం థార్‌ను 9.80 లక్షల నుంచి అమ్మకానికి పెట్టింది. బండి అందరికీ నచ్చింది. నచ్చిన బండిని కొనడం మరీ సాదాసీదా పని కాబట్టి ఆగేవాళ్లు దాన్లో లోపం వెతికారు. తలుపులు మూడే. ఐదు తలుపులది వస్తుందట, ఆగాలి. నాలుగేళ్లు ఆగారు. 2024 ఆగస్టులో రాక్స్ పేరుతో ఐదు తలుపుల థార్ 12.99 లక్షల నుంచి రానే వచ్చింది. అక్టోబర్ 3న బుకింగులు తెరిస్తే మొదటి గంటలోనే 1,76,218 మంది డబ్బు కట్టారు. మన ఆగేవాళ్లు ఆ గంటలో ఎక్కడున్నారంటే, టీ కొట్టులోనే. "ఫస్ట్ బ్యాచ్ బండి ఎవడన్న తీస్కుంటడా? అయినా మూడు తలుపులదాంట్ల ఉన్న మజా దీంట్ల ఏడుంది?" నాలుగేళ్లు ఏ తలుపుల కోసం తపస్సు చేశారో ఆ తలుపులే ఎక్కువైపోయాయి.

దాంతో చూపు మళ్లీ మూడు తలుపుల వైపు తిరిగింది. దాని ముఖం మారబోతోందని యూట్యూబ్ కోడై కూసింది. నలుపూ తెలుపూ గీతల స్టిక్కర్లు చుట్టిన బండి ఎక్కడో టోల్‌గేట్ దగ్గర ఆగి ఉంటే, ఎవరో బైకు మీంచి వణికే చేత్తో తీసిన పన్నెండు సెకన్ల వీడియో, దాని మీద పన్నెండు నిమిషాల వ్యాఖ్యానం. 2025 అక్టోబర్ 3న, అంటే సరిగ్గా దసరా మర్నాడు, కొత్త ముఖం బయటపడింది. ఐదేళ్ల నిరీక్షణకు ఫలం ఏమిటంటే: కిటికీ అద్దాల స్విచ్‌లు సీట్ల మధ్య నుంచి తలుపు మీదికి వచ్చాయి. వెనక కూర్చున్నవారికి ఏసీ గాలి తగులుతుంది. తెర కాస్త పెద్దదైంది. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి పిడి పెట్టారు. ఆయిల్ ట్యాంకు మూత లోపలి నుంచే తెరుచుకుంటుంది. ఇంజన్లు అవే, తలుపులూ మూడే. ఐదేళ్లు బండి లేకుండా తిరిగి సంపాదించిన లాభం, అద్దం దింపడానికి చెయ్యి పెట్టే చోటు మారడం.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఒక్క నెలలో మాత్రం ఆగినవాడే గెలిచాడు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని జీఎస్టీ తగ్గుతుందని చెప్పగానే దేశమంతా షోరూముల్లో ఈగలు తోలారు. సెప్టెంబర్ 3న కౌన్సిల్ ఆమోదించింది. థార్ మీద లక్షా 35 వేల దాకా తగ్గింది. జూలైలో కొన్నవాడు తల పట్టుకున్నాడు. దసరా నాడు బండికి పసుపు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, గూడెం గుట్ట సత్యనారాయణస్వామికి చూపించి వచ్చినవాడు మర్నాడు పొద్దున ఫోన్ తెరిస్తే, తన కొత్త బండి ఒక్క రాత్రిలో పాత మోడల్ అయి కూర్చుంది. ఆగినవాడి మీసానికి అంతకన్నా మంచి రోజు రాదు.

మరి గెలిచినవాడు ఆ రోజు కొన్నాడా? ఎందుకు కొంటాడు! అతనికి కావలసింది బండి అయితే కదా. దసరాకు కొన్నవాడి ఇంటికెళ్లి, బండి చుట్టూ ఓసారి తిరిగి, "ఒక్క దినం ఆగితే అయిపోవు గదా బావా" అనడమే అతని ఎక్స్-షోరూమ్ ధర, ఆన్-రోడ్ ధర, ఇన్సూరెన్స్ అన్నీనూ.

ఈ ఆగుడుకు శాస్త్రం కూడా ఉంది, సూత్రాలు కచ్చితమైనవి. కొత్త రూపు రాబోతుంటే పాతది కొనరాదు. వచ్చిన మొదటి ఏడాదీ కొనరాదు, లోపాలన్నీ పక్కింటివాడి పైసలతో తేలాలి. కంపెనీలు మామూలుగా మూడు నాలుగేళ్లకోసారి ముఖం మారుస్తాయి, ఆ కబురు ఏడాదిన్నర ముందే పొక్కుతుంది. మూడున్నరేళ్లలో ముందు ఏడాది పోయె, చివరి ఏడాదిన్నర పోయె, మిగిలింది ఒక్క సంవత్సరం. అందులో నవంబర్, డిసెంబర్ పనికిరావు, రెండు నెలల్లో ఆర్సీ మీద పోయినేటి బండి అయిపోతుంది. జనవరిలో కంపెనీలు ధర పెంచుతాయి, పెంచగానే కొనేవాడు అమాయకుడు. మార్చిలో షోరూంవాళ్లు టార్గెట్ల కోసం తగ్గిస్తారట, అందాక ఆగాలి. మార్చి వస్తే పిల్లల ఫీజులు. ఆషాఢం మంచిది కాదు. భాద్రపదంలో పెత్రమాస దాటాలి. పుష్యం శూన్యమాసం. నడుమ గురుమూఢమో శుక్రమూఢమో ఉండనే ఉంటుంది. మంగళవారం అమ్మ ఒప్పుకోదు, శనివారం ఇనుము ఇంటికి తేరాదు. ఇన్ని తీసేశాక దసరా ముందు ఓ నాలుగైదు రోజులు మిగులుతాయి. ఆ రోజుల్లో షోరూంలో గిరాకీ ఎక్కువ, బేరం సాగదు. కాబట్టి దీపావళి దాకా ఆగాలి.

ఇదంతా తన తెలివి అని ఆగేవాడి నమ్మకం. అది అతనిది కాదు, వందేళ్ల నాటి అమెరికా సరుకు. హెన్రీ ఫోర్డ్ 1908 నుంచి 1927 దాకా మోడల్-టీ అనే ఒక్క కారునే పెద్ద మార్పులు లేకుండా కోటిన్నర దాకా అమ్మాడు. కారున్నవాడికి ఇంకో కారు అమ్మాలంటే ఉన్నదాని మీద విసుగు పుట్టించాలని కనిపెట్టింది జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్. ఏటేటా రూపు మార్చే పద్ధతి 1920లలో ఆయన చలవే. విసుగు పుడితే అమెరికావాడు కొత్తది కొన్నాడు. మంచిర్యాల మేధావి దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి, కొనకముందే విసుగు తెచ్చుకుంటున్నాడు. స్లోన్ బతికుంటే ఈ కొనుగోలుదారుణ్ని చూసి కన్నీళ్లు పెట్టుకునేవాడు.

నిజమైన స్పోర్ట్స్ కార్ల లోకంలో ఆగినవాళ్ల గతి ఇంకా ఘనం. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 వచ్చింది 2007లో. తర్వాతి తరం వస్తుందని ప్రపంచమంతా పద్దెనిమిదేళ్లు ఎదురుచూసింది. 2025 ఆగస్టులో ఆఖరి బండి ఫ్యాక్టరీ దాటింది, వెనక వారసుడు లేడు. టెస్లా రెండో తరం రోడ్‌స్టర్‌ను 2017 నవంబర్‌లో చూపించి 2020లో ఇస్తామంది. జనం వేల డాలర్లు ముందే కట్టి లైన్లో నిలబడ్డారు. ఓపెన్‌ఏఐ అధిపతి సామ్ ఆల్ట్‌మన్ అంతటివాడే 2018లో కట్టిన డబ్బు 2025లో వెనక్కి అడగాల్సి వచ్చింది. మన దేశంలో ఫోర్డ్ మస్టాంగ్ 2016లో 65 లక్షలకు వచ్చింది. మారిన ముఖంతో వచ్చేది కొందామని ఆగిన శ్రీమంతులూ ఉన్నారు. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకే స్వస్తి చెప్పింది. మస్టాంగ్‌ను దిగుమతి చేసి అమ్ముతామని ఓ మాట మాత్రం అని పోయింది.

ఇంట్లో ఉన్న బాపును అడిగితే ఆగడమంటే ఏమిటో చెబుతాడు. ఆయన తరం బజాజ్ చేతక్‌కు డబ్బు కట్టి ఏళ్లకేళ్లు వేచింది. పెళ్లికి బుక్ చేస్తే పిల్లాడు బడికి పోయే వయసుకు స్కూటర్ వచ్చేది. ఆఫీసర్ల అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా దాదాపు ఒకే మొహంతో తిరిగింది, ఫేస్‌లిఫ్ట్ కోసం ఆగుదామన్న ఆలోచన ఏ మేనేజరుకూ రాలేదు. గనిలో బదిలీ వర్కర్‌గా చేరినవాడు భూగర్భంలోనైతే ఏడాదికి 190 మస్టర్లు (హాజరు రోజులు), పైనైతే 240 నిండితేగాని పర్మనెంటు కాడు. అది తప్పనిసరి ఆగుడు, ఒక్కో మస్టర్ లెక్కపెట్టుకుంటూ ఆగడం. కారుణ్య నియామకంలో చేరిన కొడుకు ఆ మస్టర్లన్నీ నింపి, చేతిలో పైసలు, ఎదురుగా షోరూం, లోపల బండి సిద్ధంగా ఉంటే, సొంత ఖర్చుతో లైసెన్స్ రాజ్యాన్ని మళ్లీ స్థాపించుకున్నాడు.

బండి ఆగుతుంది గానీ పైసలు ఆగవు. శాస్త్రంలో ఈ అధ్యాయం లేదు. లాభాల వాటా 2023లో 711 కోట్లు, 2024లో 796 కోట్లు, 2025లో 819 కోట్లు. కొత్త మోడల్ కోసమని ఆపిన వాటా ఏ ఇంట్లోనూ కొత్త మోడల్ దాకా నిలవలేదు. ఒక ఏడు చెల్లె పెళ్లి, ఒక ఏడు నస్పూర్‌లో ప్లాటుకు బయానా, ఒక ఏడు చిట్టీ బాకీ, ఇంకో ఏడు తులం బంగారం. తప్పుపట్టేందుకేమీ లేదు, అన్నీ కారుకన్నా మంచి ఖర్చులే. అలా అని చెప్పుకుంటే అయిపోయేది. కానీ "పైసలు సర్దుకోలే" అనడం నామోషీ, "ఫేస్‌లిఫ్ట్ కోసం ఆగిన" అనడం హోదా. సగం ఆగుళ్ల రహస్యం ఇదే. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. మిగతా సగాన్ని వదలనక్కర లేదు.

ఆ మిగతా సగానికి ఇప్పుడు కొత్త తారీఖు దొరికింది. 2025 ఆగస్టు 15న ముంబైలో మహీంద్రా విజన్-టీ, విజన్-ఎస్, విజన్-ఎక్స్, విజన్-ఎస్ఎక్స్‌టీ అని నాలుగు నమూనాలు చూపించింది. వాటి కింద ఉన్న కొత్త ప్లాట్‌ఫాం మీద కట్టే బండ్లు 2027 నుంచి వస్తాయంది. విజన్-టీ చూస్తే థార్ పోలికలు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. ఇంకేం, ఇవాళ థార్ కొనేవాడు వెర్రివాడు, రాక్స్ కొనేవాడు అంతకన్నా వెర్రివాడు.

ఈలోగా బెల్లంపల్లి చౌరస్తాలో ఎవరో 2020 నాటి థార్ అమ్మకానికి పెడితే ఆగేవాడు చూడ్డానికి వెళ్లాడనుకోండి. వెళ్తాడు, చూడ్డానికి డబ్బు అక్కర్లేదు. బానెట్ ఎత్తించి, టైర్లు తన్ని, గోదావరి బ్రిడ్జి దాకా నడిపి, వచ్చి తాళం చేతిలో పెడతాడు.

"బండి మస్తుగున్నదే కాకా. కాని రెండేండ్లు ఆగుత."

"గిది పాత బండి బిడ్డా, దీనికి కొత్త మోడల్ ఏమత్తది?"

"దీనికి రాదు. అది వచ్చినంక దీని రేటు ఇంకా పడుతది గదా!"