పోతును మందలో వదిలేస్తే సరిపోతుందా?

మా రోజుల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద మా పోతనాళ చుట్టుపక్కల క్యాంపుల్లో ఎవరిని అడిగినా తమ మేక ఏ నెలలో ఈనుతుందో వేళ్ళు మడిచి చెప్పేవాళ్ళు. ఇప్పటి కుర్రాళ్ళకు సంతలో ధర తెలుసు, తమ మేక ఎప్పుడు దాటిందో తెలీదు. పోతు ఏడాది పొడుగునా మందలోనే తిరుగుతుంటే ఎలా తెలుస్తుంది?

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువ నీళ్ళు ఇటు పారాక కోస్తా నుంచి మావాళ్ళు వచ్చి క్యాంపులు వేసుకుని ఈ నేలలు బాగుచేసుకున్నారు. వరి పని వాళ్ళకు వచ్చిందే. మేకల లెక్క మాత్రం ఇక్కడి కురుబ కాపరుల దగ్గర నేర్చుకున్నారు. వేసవంతా పోతును కొట్టం దగ్గర కట్టేసి మేపేవాళ్ళు. మృగశిర చినుకులకు గట్ల మీద పచ్చిక లేచాక రెండు మూడు వారాలు ఆడమేకలకు రోజూ గుప్పెడు జొన్నలు అదనంగా వేసేవాళ్ళు. ఒళ్ళు పట్టిన మేక కవలలు ఈనే అవకాశం ఎక్కువ. ఆ తర్వాతే పోతును వదిలేవాళ్ళు. అన్నాళ్ళు దూరంగా ఉన్న పోతు వాసన తగిలేసరికి వారం పది రోజుల్లోనే చాలా మేకలు ఎదకొచ్చేవి.

ఎద పట్టడం పెద్ద విద్య కాదు, కళ్ళు పెట్టి చూడాలి, అంతే. మేక మేత వదిలి అరుస్తుంది, తోక ఆగకుండా ఆడిస్తుంది, పక్క మేక మీదికెక్కుతుంది, మానం వాచి జిగురు కారుతుంది. ఇదంతా ఒకటి రెండు రోజులే. పొద్దున కనిపిస్తే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి దాటించాలి. చూలు కట్టకపోతే మళ్ళీ ఇరవయ్యొక్క రోజుకు ఎదకొస్తుంది. అందుకే దాటించిన రోజు గోడమీద బొగ్గుతో గీత గీసేవాళ్ళు.

చూలు ఐదు నెలలు, అంటే 150 రోజులు అటూ ఇటూ. మన చాంద్రమానం ఐదు నెలలంటే 148 రోజులు. పంచాంగం చూసే ముసలమ్మ లెక్క తప్పేది కాదు: జ్యేష్ఠం చివర దాటితే కార్తీకం చివర ఈనుతుంది. కార్తీకానికి వానలు తగ్గుతాయి, వరికోతలు మొదలవుతాయి, చేలల్లో మేతకు కొదవుండదు. తల్లికి పాలు, పిల్లకు పొడినేల. ఈ నెల మనమే ఎంచుకోవచ్చా అంటారా? చలిదేశాల్లో పగలు కురచయ్యేకొద్దీ మేకలు ఎదకొస్తాయి. మనం 16 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాం. ఏడాదిలో పగటి తేడా రెండు గంటలకు మించదు. కాబట్టి మన మేకకు పొద్దుకన్నా మేతే ముఖ్యం. మేక ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. నెల ఎంచుకోవాల్సింది మనిషి.

ఆ ఎంపికే ఇప్పుడు పోయింది. రెండేళ్ళకు మూడు ఈతలు తీయాలని అందరికీ ఆత్రం. ఎనిమిది నెలలకో ఈత అన్నమాట. జ్యేష్ఠంలో మొదలెట్టి లెక్కేయండి: మొదటి ఈత నవంబరు, రెండోది జులై, మూడోది మార్చి. మూడింట్లో ఒకటి నడివానలో పడుతుంది. కిందటి ఆషాఢంలో మా వీధిలో ఒకాయన కొట్టంలో పుట్టిన పిల్లలు తడినేల మీద వణుకుతూ, దగ్గుతో, పారుడుతో ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఎత్తైన అరుగు, కారని కప్పు, నిల్వ మేత ఉంటే మూడు ఈతలు తీయండి, నేను వద్దనను. అవి లేనివాడు పోతును కట్టేయాలి.

ఇంకో అన్యాయం: ఏళ్ళ తరబడి అదే పోతు తన కూతుళ్ళనే దాటుతోంది. పిల్లలు గిడసబారి పుడితే జాతి మంచిది కాదంటున్నారు. పాతికా ముప్పై మేకలకు ఒక మంచి విత్తనపు పోతు చాలు. రెండేళ్ళకోసారి దాన్ని మార్చాలి. ఏడాది నిండని, ఒళ్ళు రాని పడ్డమేకను దాటించకూడదు. పిల్ల పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగించాలి.

వీటిలో డబ్బు పెట్టాల్సింది ఎంత? ఒక పలుపు, ఒక పంచాంగం, పొద్దున్నే మంద దగ్గర కాసేపు నిలబడే ఓపిక. ఈ వేసవికైనా పోతును విడిగా కట్టి, జ్యేష్ఠంలో దాటించిన తేదీ రాసిపెట్టుకోండి నాయనా. కార్తీకంలో పుట్టే పిల్లలు బతికి కళ్ళముందు తిరుగుతాయి.