ఒక్కరొస్తే పోతది సార్!

ఉప్పల్ రింగు రోడ్డులో నాచారం ఆటో కోసం చూసేవాళ్లకి మొదట వినబడే మాట ఇదే. తొంగిచూస్తే నిజమే, వెనక ఇద్దరు, డ్రైవర్ పక్కన ఒకడు కూర్చుని ఉంటారు. హమ్మయ్య అనుకుని ఎక్కుతాం. మనం సర్దుకోగానే వెనకున్న ఇద్దరూ నిమ్మళంగా దిగి పక్క ఆటోలో కూర్చుంటారు. వాళ్లు ప్యాసింజర్లు కారు, లైనులో తర్వాతి ఆటోల డ్రైవర్లు. ఖాళీ ఆటో ఎక్కడానికి జనం వెనకాడతారనీ, నిండబోయేదైతే ఉరికొచ్చి ఎక్కుతారనీ వాళ్లకి తెలుసు. ఇప్పుడు ఆ పక్క ఆటో కూడా ఒక్కరొస్తే పోతది.

సైమన్ బారన్-కోహెన్ బృందం 1985లో పిల్లల మీద చేసిన పరీక్ష ఒకటి బాగా పేరుమోసింది. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది. ఆన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? నాలుగేళ్లు దాటిన పిల్లలు చాలావరకు 'బుట్టలో' అంటారు. మరీ చిన్నవాళ్లు 'పెట్టెలో' అంటారు, తమకు తెలిసింది అందరికీ తెలుసనుకుని. ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో ఊహించే ఈ తెలివికి 'థియరీ ఆఫ్ మైండ్' అని పేరు. మా ఆటోస్టాండులో దీన్ని బేరానికి వాడతారు.

అదే ఉప్పల్ రోడ్డు మీద భూమి లోపల ఏముందో 1961 నుంచీ పరిశోధిస్తున్న ఎన్‌జీఆర్‌ఐ ఉంది, జీవకణం లోపల ఏముందో చూసే సీసీఎంబీ ఉంది. మనిషి లోపల ఏముందో చూసే శాఖ మాత్రం రింగు రోడ్డులో ఖాకీ చొక్కాతో నడుస్తోంది.

ఆ శాఖలో శిక్షణ పొందాల్సిన అవసరం ఉప్పల్, నాచారం వాళ్లకి ఏటా ఐపీఎల్ షెడ్యూల్ రాగానే పడుతుంది. 2005లో మా ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. అప్పట్నుంచీ, చుట్టుపక్కల ఇళ్లకి పాసులు పాలపాకెట్లలా తెల్లారేసరికి గుమ్మంలో పడతాయని బంధువుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. మొన్న జనగామ నుంచి బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, మంచిగున్నరా? అక్క మంచిగున్నదా?"

"అందరం మంచిగున్నం."

"పిల్లగాని సదువెట్లుంది? మీ దిక్కు ఎండలెట్లున్నయ్?"

జనగామ ఎండకీ నాచారం ఎండకీ ఏం తేడా ఉంటుంది? అయినా చెప్పాను. ఎండలోంచి మాట మెల్లగా ట్రాఫిక్‌లోకి దిగింది.

"ఆదివారం ఉప్పల్‌ల మస్తు జామైతదేమో?"

"అయితది. మ్యాచుంది గద!"

మ్యాచ్ అనే మాట నా నోటితోనే అనిపించి ఊరుకున్నాడు. ఇక వంతు నాది.

"టికెట్లు ఆన్‌లైన్‌ల పెట్టంగనే అయిపోయినయట. మా ఆఫీసుల ఒకాయన రాత్రంత ఫోన్ పట్టుకొని కూసున్నడు, దొరకనే లేదు."

మా ఆఫీసులో అలాంటి ఆయనెవరూ లేడు. లేడని బావమరిదికి అర్థమైంది. అర్థమైందని నాకూ తెలుసు.

"అయ్యో పాపం," అన్నాడు, ఆ లేని మనిషి మీద జాలిపడి.

మనసులో మాట సూటిగా అడగాలని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో నూరిపోస్తుంటారు. సూటిగా అడిగి ఉంటే నేను సూటిగా లేదనేవాణ్ణి. వచ్చే పెళ్లిలో ఇద్దరం వేర్వేరు బంతుల్లో తినాల్సి వచ్చేది. అతను అడగలేదు, నేను లేదనలేదు, చుట్టరికం చెక్కుచెదరలేదు. రెండువైపులా ఇంత ఓపిక ఉంటే సూటితనం ఎందుకండీ?

ఫోన్ పెట్టేయగానే వంటింట్లోంచి మా ఆవిడ, "ఎంతమంది వస్తున్నరట?" అంది.

"ఎవ్వరొస్తలేరు. పాసులు లేవని అర్థమయ్యేటట్లు చెప్పిన."

"పాసులెవరడిగిన్రు? వాళ్ల తాన టికెట్లున్నయి. కారు పెట్టనీకి జాగ కావాలె, రాత్రికి అన్నం కావాలె."

"నీకెట్ల తెలుసు?"

"జామైతదా అన్నడు గద. టికెట్ లేనోనికి జామ్‌తోని ఏం పని?"

ఆదివారం సాయంత్రం కారొచ్చి మా గేటు ముందు ఆగింది. నారింజ రంగు జెర్సీలతో ఐదుగురు దిగారు. "ఇటు దిక్కు వచ్చినం, ఒకసారి మిమ్ముల చూసిపోదమని," అంటూ బావమరిది గుమ్మంలో చెప్పులు విప్పాడు. లోపలికి వస్తూ ఆగి, ఎంతో శ్రద్ధగా నావైపు చూశాడు.

"మీ ఆఫీసాయనకు టికెట్ దొరికిందా బావా?"