బావ బండికి బోల్టులెన్ని?

మా బావకు సూర్యాపేటలో మోటారు వైండింగు దుకాణం ఉంది. కాలిన మోటారు పట్టుకుని రైతు వస్తే "ఎల్లుండి రా" అంటాడు. ఆ ఎల్లుండి యాసంగి దాటినా రాదు. మోటారుకు చుట్టాల్సిన రాగితీగ అప్పటికే ఒక ఫిరంగి బండికి వైర్‌లెస్ ఏరియల్ అయిపోయి ఉంటుంది.

ఆ బండి పేరు స్టాగ్‌హౌండ్. అమెరికాలో షెవర్లే వాళ్లు చేసిన ఆర్మర్డ్ కారు. నాలుగు చక్రాలు, పదమూడు టన్నుల పైమాట బరువు, 37 మిల్లీమీటర్ల తుపాకి. దాన్ని బావ 35వ వంతుకు కుదించి జానెడు కంటే చిన్నగా చేస్తున్నాడు. డబ్బాలో వచ్చే ముక్కలు అతికించడం ఆయన దృష్టిలో చిన్నపిల్లల పని. అంతా మొదటి నుంచి చేత్తోనే చేయాలి. ఫ్లెక్సీ దుకాణంలో పారేసిన సన్‌బోర్డు ముక్కలు బండి ఒళ్లయ్యాయి. తుపాకి గొట్టం లోపలి బోలు మిల్లీమీటరుకు రవ్వంత ఎక్కువ ఉండాలట, అందుకని పశువుల డాక్టరును బతిమాలి లావు సూది తెచ్చాడు. టైర్ల కోసం మూతలు పోవడంతో, అక్క కొబ్బరినూనె సీసాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

35వ వంతే ఎందుకని ఒకసారి నోరుజారి అడిగాను. జపాన్‌లో టమియా కంపెనీ 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ తెచ్చిందట. లోపల బ్యాటరీలు పట్టేలా కొలత చూసుకుంటే దాదాపు 35వ వంతు తేలిందట. లోకమంతా అదే ఖాయం చేసుకుంది. ఎక్కడో బ్యాటరీలకు కుదిరిన లెక్క ఇక్కడ మా అక్క కాపురానికి చుట్టుకుంది.

చేయడం కంటే ముందు తెలుసుకోవడం ఉంటుంది. అసలు జబ్బు అదే. బోల్టు తలల కోసం గసగసాలు అతికించి, భూతద్దంలో చూసి, మళ్లీ గీకేశాడు. "గసగసం మిల్లీమీటరుంటది బామ్మర్ది. అంటే అసలు బండికి మూడున్నర సెంటీమీటర్ల బోల్టు. గంత బోల్టు యాడన్న ఉంటదా?" అన్నాడు. అక్క ఆ గీకిన గసగసాలను కూరలో వేయకుండా పారేసింది. ఆమె సహనానికి అదొక్కటే హద్దు.

షిర్డీ పోదామంటే అక్క మురిసిపోయింది. బాబా దర్శనం ముగిసీ ముగియకముందే కారు అహ్మద్‌నగర్ దారి పట్టింది. అక్కడ 1994లో తెరిచిన ట్యాంకుల మ్యూజియం ఉంది. రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు ముందు బావ నేల మీద బోర్లా పడుకుని దాని పొట్ట చూశాడు. గుళ్లో వంగి దండం పెట్టమంటే నడుము నొప్పన్న మనిషి! యెద్దుమైలారంలో మన దగ్గరే సైనిక వాహనాల ఫ్యాక్టరీ ఉంది కదా అంటే, "అది 1984ల వచ్చింది, మొన్నటిది" అని కొట్టిపారేశాడు.

సినిమాకు ఆయనతో పోవద్దు. పాతకాలం జీపు కనబడగానే ముందు రేకుకు సందులు లెక్కపెడతాడు. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది, తర్వాత జనానికి అమ్మినదానికి ఏడు. తెర మీద తల్లి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే "ఏడే ఉన్నయి! ఏడే!" అని అరిచాడు. ముందు వరుసలో ఒకావిడ, సంతానం సంగతనుకుని ఓదార్చింది.

అన్ని బండ్లుండగా ఈ బండే ఎందుకంటే అది మా రోడ్డు మీద నడిచింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి బయల్దేరి పొద్దున్నే కోదాడ చేరి, మధ్యాహ్నానికి మునగాల వచ్చింది. ఎదురు నిలిచిన నిజాం సైన్యపు హైదరాబాద్ లాన్సర్ల దగ్గర హంబర్ ఆర్మర్డ్ కార్లు, ఈ స్టాగ్‌హౌండ్లు ఉన్నాయి. మర్నాడు సూర్యాపేట మీద విమానాలు దాడి చేశాయి. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చేసింది. 17 సాయంత్రానికి కాల్పులు ఆగాయి. దీన్ని మేం పోలీసు యాక్షన్ అని రెండు ముక్కల్లో చదివి పరీక్ష రాశాం. బావ మాత్రం స్పేరు టైరు ఏ పక్కనుందో తేలక ఇంకా అక్కడే ఆగాడు.

ఆ కాలపు ఫొటోలన్నీ నలుపు తెలుపు. రంగు కోసం కోదాడ పెయింట్ల దుకాణానికి పోయి, "పచ్చ కావాలె. ఎండల నిలబడి మాసిన పచ్చ" అన్నాడు. "తలుపులకా, కిటికీలకా?" అన్నాడు దుకాణదారు. "ఫిరంగి బండికి." "అయితే లీటరు సాలదన్నా."

మిర్యాలగూడలో పెళ్లికి పోతే రైసుమిల్లు చుట్టాలందరినీ దాటుకుని అందరికంటే పెద్ద ముసలాయన పక్కన కూర్చుంటాడు. "తాతా, పోలీసు యాక్షన్ల బండ్లు జూసినవా?"

"జూసిన."

బావ నోట్‌బుక్ తీశాడు. "స్పేరు టైరు ఏ దిక్కుకున్నది?"

"టైరెవడు జూసిండు బిడ్డా? సప్పుడు ఇనంగనే జొన్నచేన్ల వడ్డం."

"చేను రోడ్డుకు ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

ఆ నోట్‌బుక్ ఒకరోజు నా చేతికి దొరికింది. ముందు పేజీల నిండా కొలతలు. వెనక నుంచి తిప్పితే "అనవసరం" అని పెద్ద అక్షరాల శీర్షిక. దాని కింద ముసలివాళ్లు టైరు సంగతి పక్కనపెట్టి చెప్పినవన్నీ వరసగా ఉన్నాయి: వడ్లు ఎక్కడ పాతిపెట్టారు, రజాకార్ల భయానికి ఏ రాత్రి ఏ ఊరికి పోయారు, వెళ్లినవాళ్లలో ఎవరు తిరిగి రాలేదు. ఒక్క మాటా వదల్లేదు. కొలతల కంటే అవే ఎక్కువున్నాయి.

స్టాగ్‌హౌండ్‌కు రెండు ఇంజన్లు. నడుస్తుండగా ఒకటి ఆపినా రెండోది లాగుతుంది. ఈ సంగతి ఆయన అక్కకు ముచ్చటగా చెబితే, "మనింట్ల ఆగిందేదో నాకెర్కే" అంది.

మీ ఇంట్లో ఎనభై ఐదు దాటిన తాతో నానమ్మో ఉంటే మా బావ ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. రానివ్వండి. టైర్ల సంగతి యాదికి లేదని చెప్పించి, ఆ తర్వాత వాళ్లను ఇష్టమొచ్చినట్టు మాట్లాడనివ్వండి. అన్నీ రాసుకుంటాడు, తప్పుడు శీర్షిక కిందే అయినా. మోటారు కాలితే మాత్రం వేరే దుకాణం చూసుకోండి.