మూలల్లేని ఇల్లు

నా ప్లాను కాగితం మీద లేదు. నేల మధ్యలో మేకు పాతి, దానికి తాడు కట్టి, కొస పట్టుకుని మా ముసలాయన ఒక చుట్టు తిరిగాడు. తాడెంత పొడవుండాలో ఆయన భార్య తేల్చింది. అత్తామామలు, పిల్లలు, ధాన్యం గాదె అన్నీ లెక్కేసి, "ఇంకో మూర వదులు, రేపు కోడలొస్తే ఎక్కడ పడుకుంటాది?" అందట. ఆ మూరతో సహా పుట్టిన చుట్టింటిని నేను. పలాస దాటాక, మందస రోడ్డు రాకముందు సుమ్మాదేవి స్టేషనుంది కదా, ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగకుండా పోయేది, ఆ పక్క జీడితోటల్లో నా చోటు.

చెరువు మట్టిలో గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి గోడ పెట్టారు. ఒక వరస ఎండితే గాని దాని మీద ఇంకో వరస వేయలేదు. తొందరపడితే గోడ జారిపోతుంది. తాటి వాసాలన్నిటినీ పైన ఒక్కచోట కలిపి కట్టి, తాటికమ్మలు కప్పారు. చూరు ఎంత కిందికి దిగిందంటే, కలెక్టరైనా తల వంచకుండా లోపలికి రాలేడు. చూరు కింద గోడవారన కట్టెలు, కోళ్ల గంప, తిరగలి సర్దుకున్నాయి. లోపల అటక మీద మందంగా మట్టి మెత్తారు. పైన కమ్మలకి నిప్పంటుకున్నా కింది సామాను దక్కాలని.

నన్ను గుండ్రంగా కట్టింది అందానికి కాదు, గాలి కోసం. మూలలున్న ఇంటికి ఆ మూలల దగ్గరే గాలి పట్టు దొరకబుచ్చుకుని కప్పు లేపేస్తుంది. నన్నైతే చుట్టి పక్కలనుంచి జారిపోతుంది. గాలికే కాదు, భూకంపానికీ ఈ గుండ్రం అక్కరకొస్తుంది. గుజరాత్‌లోని కచ్‌లో మాలాంటి గుండ్రటి మట్టిళ్లున్నాయి, భుంగాలంటారు. 2001 జనవరి 26 భూకంపానికి భుజ్‌లో మేడలు కూలితే అవి చాలావరకు నిలిచాయట. ఈ సంగతి నన్ను కొలవడానికొచ్చిన ఓ ఆర్కిటెక్చర్ కుర్రాడు చెప్పాడు. నేను కాస్త పొంగిపోయాను, ఎందుకు దాచడం.

నా పరీక్ష 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చింది. తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, విసురుకి 165. నా కమ్మలు సగం ఎగిరిపోయాయి. గోడ, వాసాలు నిలిచాయి. కమ్మలదేముంది, నెల తిరక్కుండా మళ్లీ కప్పించారు. మా ఉద్దానం ప్రాంతంలో కూలిన కొబ్బరిచెట్లని ఎవరు నిలబెడతారు? మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది.

అప్పటికే నా ఎదురుగా మా ముసలాయన మనవడి డూప్లెక్స్ లేచింది. గల్ఫ్ డబ్బు. వీధిలో ఇప్పుడన్నీ అలాంటివే: ఒకటి గులాబీరంగు, ఒకటి నెమలికంఠం రంగు, ఒకదాని పిట్టగోడ మీద విమానం బొమ్మ. ఎలివేషన్ ఫోన్లో చూపించి, "దీనికంటే రెండడుగులు ఎత్తుండాలి" అని మేస్త్రికి చెబుతారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఓ రాత్రి మనవడు మామ్మతో అంటుంటే విన్నాను: "అక్కడ ఒక్క గదిలో ఎనమండుగురం, మంచం మీద మంచం. అందుకే మనిషికో గది కట్టించినాను." నాకు తాడెలాగో, ఆ ఇంటికి ఆ మంచాలు కొలత. నవ్వడం మానేశాను.

నాతో కాపురం కష్టమే. బీరువా పెడితే వెనక రెండు కోళ్లు దూరేంత సందు. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. చుట్టింట్లోకి పిల్లనిస్తామన్న సంబంధాలూ ఆగిపోయాయి. ఇప్పుడు నాలో ఎనభై కిలోల జీడిపిక్కల బస్తాలుంటున్నాయి, ధర పెరిగేదాకా. మామ్మ మాత్రం ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బస్తాల పక్కనే చాపేసుకుంటుంది. ఏసీ గదిలో కీళ్లు పట్టేస్తాయట.

ఈమధ్య మనవడికి నామీద ప్రేమ పుట్టింది. బస్తాలు తీయించి, చుట్టాలొస్తే దిగడానికి నన్ను ముస్తాబు చేస్తాడట. ఏసీ బిగిస్తానన్నాడు. వంపు గోడ చూసి మేస్త్రి తల గోక్కున్నాడు. ముందు కప్పు సంగతి చూడమని మామ్మ పోరితే, కమ్మలు కప్పే ముసలాయన్ని పిలిపించారు. తాపీమేస్త్రి కూలికి రెట్టింపు అడిగాడు.

"అంతేటి తాతా, గడ్డి కప్పడానికి?" అన్నాడు మనవడు.

"అయితే నువ్వే ఎక్కి కప్పుకో బావూ" అని ముసలాయన అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. బేరం ఇంకా తెగలేదు.