సిలబస్‌గారి జాజ్ యాత్ర

విశ్వవిద్యాలయాలు రిటైరైనవాళ్ల కోసం నడిపే విజ్ఞాన యాత్రల్లో ఈయన ఎక్కడైనా తగులుతారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వచ్చిన మన పెద్దమనిషి అయితే మరీ ముచ్చట. హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ జాజ్ ఫెస్ట్‌కి బస్సు కదలకముందే ముందు సీట్లో, ప్రొఫెసర్‌గారికి తప్పించుకునే దారిలేని చోట, కూర్చుని ఉంటారు. మెడలో గుర్తింపు కార్డు. ఒళ్లో చదవమన్న పుస్తకాలు, చదవమననివి కూడా. బస్సులో తెలుగువాళ్లం చాటుగా పెట్టుకున్న పేరు సిలబస్‌గారు.

ఊరు దాటకముందే ప్రశ్నలు మొదలు. జాజ్‌కి ఆదిపురుషుల్లో ఒకడు బడ్డీ బోల్డెన్ అనీ, అతని కార్నెట్ వాదన రికార్డు ఒక్కటీ దొరకలేదనీ ప్రొఫెసర్ చెప్పగానే చెయ్యి లేస్తుంది. "మరి గొప్పగా వాయించాడని మీకెవరు చెప్పారండీ?" ప్రొఫెసర్ నీళ్లసీసా మూత తీస్తారు. మైకు ఎలా చేతులు మారుతుందో గానీ, లేక్ చార్ల్స్ వచ్చేసరికి ఉపన్యాసం సిలబస్‌గారిదే. శాక్సఫోన్ విద్వాంసుడు కోల్‌ట్రేన్ తన కొడుక్కి రవిశంకర్ పేరు పెట్టుకున్నాడు. మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లోనే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. ఇవన్నీ నిజాలే. ఆయనతో వచ్చిన చిక్కే అది. తప్పు చెబితే సరిదిద్దొచ్చు, ఒప్పులు చెప్పేవాణ్ణి ఆపడం ఎవరితరం?

ఉత్సవం జరిగేది గుర్రప్పందేల మైదానంలో. 1970లో కాంగో స్క్వేర్‌లో మొదలై, 1972లో ఇక్కడికి మారింది. పదికి పైగా వేదికల మీద ఒకేసారి సంగీతం. ఏ గంటకు ఎక్కడ ఎవరో చూపించే గళ్ల పట్టికను అక్కడివాళ్లు క్యూబ్స్ అంటారు. అందరూ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ట్రంపెట్ ఎక్కడ బాగుంటే అక్కడ ఆగిపోతారు. సిలబస్‌గారు రంగురంగుల కలాలతో దాన్ని రైల్వే గైడులా దిద్ది, పాట మధ్యలో మనల్ని లేపి పక్క టెంటుకి తోలుకుపోతారు.

అసలు వేడుక ఎకానమీ హాల్ టెంటులో. పాతకాలపు న్యూ ఆర్లీన్స్ బాణీకి అది ఆటపట్టు. బ్యాండు మొదలవగానే ఆయన తొడ మీద ఆది తాళం మొదలు. బ్లూస్‌కి 12 బార్లు, బారుకి నాలుగు లెక్కల చొప్పున 48, అంటే ఆరు ఆవర్తనాలు. చక్కగా సమానికి వచ్చి వాలుతుంది. మహదానందం. కానీ అక్కడి జనం చప్పట్లు కొట్టేది ప్రతి బారులో రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ. ఆది తాళంలో దెబ్బ పడేది 1, 5, 7 మీద. తెల్లవార్లూ వాయించినా ఆయన చెయ్యీ లోకం చెయ్యీ కలవవు. పైగా ఆరో లెక్కకీ ఎనిమిదో లెక్కకీ టెంటంతా చప్పట్లు మోగుతుంటే ఆయన అరచెయ్యి వెల్లకిలా తిరిగి ఉంటుంది, ఏమిటీ జనం అన్నట్టు.

"ఊరు ఊరంతా లయ తప్పింది. నువ్వూ అలాగే కొడుతున్నావేమిటే? నీకు తాళజ్ఞానం లేదు."

"పెళ్లైనప్పట్నుంచీ లేదుగా, ఇప్పుడెక్కడ తేను?" అంటారు ఆయన భార్య, మా పిన్నిగారు, చప్పట్లు ఆపకుండా.

డ్రమ్స్ సోలో అందుకోగానే సిలబస్‌గారు లేచి కాఫీకి బయల్దేరతారు. కచేరీల్లో తని ఆవర్తనానికి లేచి అలవాటుపడ్డ కాళ్లు, సముద్రాలు దాటినా మాట వినవు. తిరిగొచ్చేసరికి టెంటంతా లేచి నిలబడి కేకలు.

"నేను లేనప్పుడు ముఖ్యమైనదేమన్నా వాయించారా?"

సాయంత్రం ఒక బ్రాస్ బ్యాండు మైదానంలో ఊరేగింపుగా వస్తుంది. ముందు వాద్యగాళ్లు, వెనక గొడుగులు తిప్పుతూ, చేతిరుమాళ్లు ఊపుతూ చిందులేసే జనం. ఆ వెనకవాళ్లనే సెకండ్ లైన్ అంటారు. పిన్నిగారు హ్యాండ్‌బ్యాగు ఆయనకి అప్పజెప్పి, ఎండకని తెచ్చుకున్న మడత గొడుగు విప్పి, అందులో కలిసిపోతారు. ఆయనకి ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో కారిపోతున్న మామిడి ఐసు. తాళం వేద్దామంటే ఖాళీ చెయ్యి లేదు.

"ఏమేవ్, ఆగు! లెక్క తప్పుతున్నావ్!" అంటూ జనం వెనకాలే పరుగు.

ఆవిడకు వినబడదు. ట్రాంబోన్ కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, ఇంకొకాయన కలిశాడనుకుని, గొట్టం ఆయనవైపు ఎత్తి మరింత గట్టిగా ఊదుతాడు.